మడమ దాటితే చాలు

మంగళవారం, హన్మకొండ. రోహిణి కార్తె.

పొద్దుగాల ఏడింటికే రేకుల కింద ఉక్కపోత మొదలైంది. ఈ కార్తెలో నియోప్రీన్ అనే నురుగు రబ్బరు పని మధ్యాహ్నానికి పెట్టుకుంటే చెడినట్టే. కోతలూ అతుకులూ తొమ్మిది లోపే కానివ్వాలి. బల్ల మీదున్నది వాటర్ స్కీ బూటు, అంటే బోటు లాగుతుంటే నీళ్ల మీద జారే పలకకు (స్కీకి) ఉండే బూటు, మూడో నమూనా. మొదటి రెండిటికీ ఒకటే తెగులు. కాలికి ఎక్కాక బాగానే ఉంటాయి, ఎక్కించడమే గండం.

ఎందుకో టేపు చెబుతుంది. మడమ కింది కొస నుంచి మీగాలు వంపు మీదుగా చుట్టి కొలిస్తే, ఎనిమిదో నంబరు మగ పాదానికి 33, 34 సెంటీమీటర్లు వస్తుంది. అదే కాలికి చీలమండ పైన సన్నటి చోట 22. అంటే బూటు 33ని లోపలికి పోనివ్వాలి, పోయాక 22ని పట్టుకోవాలి. మామూలు షూలో ఈ పంచాయితీ లేదు, చీలమండ కిందనే ఆగిపోతుంది కాబట్టి. గంబూటులోనూ లేదు, అది అసలు పట్టుకోదు, వదులుగానే ఉంటుంది. నాట్లేసే మడిలో దిగబడితే కాలు బయటికొచ్చి బూటు బురదలో ఉండిపోయేది అందుకే. బోటు వెనక తాడు పట్టుకుని పోతున్నప్పుడు మాత్రం మడమ అర అంగుళం లేచినా స్కీ చెప్పిన మాట వినదు.

ఆడవాళ్లకు ఈ లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు. గాజులమ్మ చేతికి సబ్బు రాసి, బొటనవేలి ఎముకను అరచేతిలోకి మడిచి, పిడికిలి దాటించేస్తుంది. అక్కడ గాజు సాగదు, చెయ్యి మడతపడుతుంది. ఇక్కడ తిరగేసి ఆలోచించాలి. మడమ ఎముక మడతపడదు, మీగాలు వంగదు, కాబట్టి సాగాల్సిందీ తెరుచుకోవాల్సిందీ బూటే. పైగా గాజు మణికట్టు మీద వదులుగా ఆడినా ఫర్వాలేదు, బూటు ఆడకూడదు.

1922లో అమెరికాలో మినెసోటా రాష్ట్రంలోని పెపిన్ సరస్సు మీద రాల్ఫ్ శామ్యూల్‌సన్ మొదటిసారి నీళ్ల మీద నిలబడ్డప్పుడు పలకలకు ఉన్నది తోలు పట్టీలే. కాలు దూర్చుకోవడమే, తొడగడం అనే మాటే లేదు. మడమకు పట్టు దొరికినప్పటి నుంచే ఈ తిప్పలు.

ఇక పని సంగతి. రెండో నమూనాలో జరిగిన తప్పు చాలామంది చేసేదే. ఎక్కడం లేదంటే పై మూతిని వెడల్పు చేశాం. మూతి 36 సెంటీమీటర్లు తెరిచినా కాలు అదే చోట ఆగింది. పాదం నిటారుగా దిగదు, ఏటవాలుగా దిగుతుంది. మీగాలు వంపు బూటు నాలుకకు తగిలే వేళకు మడమ వెనక గోడకు ఒరుసుకుంటూ ఉంటుంది. ఇరుకు ఆ రెండింటి మధ్య, పై అంచుకు ఏడెనిమిది సెంటీమీటర్ల కింద. లేసులన్నీ వదులు చేసి అక్కడ లోపలి చుట్టు కొలిస్తే 29 వచ్చింది. మిగతా నాలుగు సెంటీమీటర్లు రబ్బరు సాగి ఇవ్వాలి. 5 మిల్లీమీటర్ల నియోప్రీన్ సాగుతుంది, కాదనడం లేదు, కానీ తడి చర్మానికి అతుక్కుని మరీ సాగుతుంది. గుంజేవాడి బలమంతా ఆ ఒరిపిడికే పోతుంది.

కాబట్టి ఈసారి మూతి జోలికి పోలేదు. ముందు వైపు చీలికను ఇంకో 5 సెంటీమీటర్లు వేళ్ల వైపు దింపి, నాలుకకు రెండు పక్కలా మూడేసి సెంటీమీటర్ల ముడత పట్టీ (లేసు వదిలితే విచ్చుకునే మడత ముక్క) వేశాం. 29కి 6 కలిస్తే 35. మడమ ఇక దేన్నీ సాగదీయకుండానే దిగాలి. ముడత పట్టీకి 2 మిల్లీమీటర్ల గుడ్డ చాలు. మందంగా ఉంటే లేసు బిగించినప్పుడు మడతపడి మీగాలు మీద గుచ్చుకుంటుంది. చీలిక చివర మూల వదలకూడదు. 4 మిల్లీమీటర్ల పంచితో గుండ్రంగా రంధ్రం కొట్టి, కోత అందులో ముగిసేలా చూడాలి. మూల ఉంటే పది సార్లు తొడిగేసరికి అక్కడి నుంచే చిరుగు బయలుదేరుతుంది. మడమ వైపు ముక్కను అడ్డం నిలువు చూసుకుని కొయ్యాలి. ఈ షీటు ఒక వైపు ఎక్కువ సాగుతుంది, ఒక వైపు తక్కువ. ఎక్కువ సాగే వైపు కాలి చుట్టూ రావాలి. నిలువుగా వస్తే గుంజిన ప్రతిసారీ బూటు పొడుగవుతుంది తప్ప కాలు లోపలికి పోదు.

అతుకులకు సొల్యూషన్ రెండు పూతలు. మామూలు రోజుల్లో పూతకు పది నిమిషాలు ఆరనివ్వాలి, వేలు పెడితే జిగురు వేలికి రాకూడదు. ఈ ఎండకు నాలుగు నిమిషాలకే పైన పొర కడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. అప్పుడే అతికిస్తే మర్నాటికి బుడగలు. పల్చగా పూయడమే దీనికి మందు. వానాకాలంలో తిప్పలు వేరు, గాలిలో తేమ జిగురు మీద పొగమంచులా కూర్చుని పట్టు చెడగొడుతుంది. రెండంచులూ ఒకసారి తాకాయంటే ఇక సర్దుబాటు లేదు, అందుకే మధ్యలో కాగితం పెట్టి కొంచెం కొంచెంగా గుంజుతూ అతికించాలి.

దారం విషయంలో పొదుపు పనికిరాదు. వరంగల్ కొత్తవాడ దర్రీల నూలు ఎంత గట్టిదైనా నీళ్లలో నాని ఎండి చివికిపోతుంది. నైలాన్ నీళ్లు తాగి కొంత సాగుతుంది. పాలిస్టర్ దారమే వాడాం. మడమ వెనక గుంజే కొండీకి 25 మిల్లీమీటర్ల బ్యాగు పట్టీ. దీన్ని మూతి అంచుకు కుట్టడం ఇంకో అలవాటైన తప్పు. గుంజితే అంచు పైకి లేస్తుంది, మడమ గుంట అక్కడే ఉంటుంది. పట్టీ వెనక గోడ పొడుగునా కింది దాకా దిగి, అట్టడుగున పెట్టె కుట్టుతో (చదరంగా కుట్టి మధ్యలో అడ్డంగా రెండు గీతలు) నిలవాలి. అప్పుడు గుంజిన బలం మడమ గుంటకే చేరుతుంది. కొండీలో నాలుగు వేళ్లు దూరాలి. రెండు వేళ్లే దూరితే జనం దాన్ని వదిలేసి నియోప్రీన్‌నే గోళ్లతో పట్టి పీకుతారు. ఈ బూట్లకు పడే చిరుగుల్లో గోటి గాట్లే ఎక్కువ.

లేసు దూరే రంధ్రాలు ఐదు జతలు. లోహపు రింగుల్లో తాడు ఒరుసుకుని, పై రెండు జతలు వదులైనా కింది మూడూ బిగుసుకునే ఉంటాయి, ఒక్కొక్కటీ వేలితో లాగాలి. తడి చేతులతో అది విసుగు పుట్టించే పని. కింది మూడిటికీ రింగులు తీసేసి పట్టీ మడతలు పెట్టాం. నాలుక పట్టుకుని ఒక్కసారి ముందుకు గుంజితే తాడు మొత్తం జారి తెరుచుకుంటోంది. కింద సాగని తాడు, పై రెండు జతలకు మాత్రం 4 మిల్లీమీటర్ల ఎలాస్టిక్, నొక్కితే వదిలే లాకు. పడ్డప్పుడు మడమ బయటికి రావాలంటే పైన కొంత సాగుబాటు ఉండాలి. జిప్పు పెడదామన్న మాట మళ్లీ వచ్చింది. చెరువు ఇసుక రెండు గింజలు పళ్లలో పడితే అది కదలదు, కాలు లోపల ఉండగా కదలకపోతే ఇంకా కష్టం. వెల్క్రో కూడా ఒంటరిగా వద్దు. నాచూ పీచూ పట్టాక దాని పట్టు సగం పోతుంది.

సాయంత్రం గోలెం దగ్గర పరీక్ష. కాలూ బూటూ రెండూ తడపాలి. పొడి బూటు, తడి కాలు అన్నిటికంటే చెడ్డ జత. వేలాడే కాటా కొక్కేన్ని కొండీకి తగిలించి గుంజితే రెండో నమూనాకు 17 కిలోలు చూపించింది, దీనికి 9. ఆశించినదానికంటే ఎక్కువే. కారణం వెతికితే లెక్కలో రాని రెండు బయటపడ్డాయి. మొదటిది గాలి. వేళ్ల వైపు మూసి ఉండడంతో లోపల చిక్కిన గాలీ నీళ్లూ పోయే దారిలేక ఎదురు నెడుతున్నాయి, తీసేటప్పుడు అదే చోటు చప్పరించినట్టు పట్టేస్తోంది. బొటనవేలి పక్క 8 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు కొట్టగానే బుస్సుమంటూ బుడగలు బయటికొచ్చాయి, కాటా 7కి దిగింది. రెండోది మడమ దగ్గరి అస్తరు గుడ్డ. అంచులకే అతికించడంతో మధ్యలో చుట్టుకుపోయి మడమ కింద ఉండలా చేరుతోంది. మొత్తం అతికించాలి, వేరే దారి లేదు.

జారుడుకు గిన్నెలు తోమే సబ్బు ద్రవం ఒక పాలుకు నాలుగు పాళ్లు నీళ్లు కలిపి సీసాలో పెడతారు. కుంకుడు రసం కూడా చూశాం, చిక్కగా తీసి గుడ్డతో వడకడితే దాదాపు అంతే పని చేసింది. తొక్క తునకలు మిగిలితే మాత్రం కాలికి గీసుకుంటాయి. వాజిలిన్, కొబ్బరినూనె దగ్గరికి రానివ్వకూడదు. రబ్బరు ఉబ్బుతుంది, అతుకులు ఊడతాయి.

మట్టెల సంగతి ముందే అనుకోవాల్సింది. తీయమంటే తీయరు, తీయమనడం మర్యాదా కాదు. లోపల అస్తరుకు తగులుకుని గుడ్డ చిరుగుతోంది. పల్చటి లైక్రా సాక్సు వేసి దిగితే ఇబ్బంది లేదు, బూటు కూడా ఇంకో కిలో తేలికగా ఎక్కుతోంది. కాళ్ల పట్టీలు మాత్రం తీయాల్సిందే, చీలమండ ఎముక మీద ఒత్తుకుంటాయి.

ఎక్కడం తేలికైతే ఊడడమూ తేలికవుతుందేమో అన్న భయం ఉంది కదా. చెక్క పాదం బిగించి, లేసు కట్టి, మడమ దగ్గర పైకి గుంజితే పాత నమూనాకూ దీనికీ ఒక కిలోకు మించి తేడా లేదు. చెక్క చర్మంలా జారదు కాబట్టి అంకెను అంకెగా నమ్మలేం, పోలికకే పనికొస్తుంది. అసలు జాగ్రత్త రెండు కాళ్ల పట్టూ సరిపోలడంలో ఉంది. ఒకే స్కీ మీద రెండు కాళ్లూ ఉన్నప్పుడు ఒకటి ఊడి ఒకటి ఇరుక్కుంటే మెలిపడేది చీలమండే. ఎడమదీ కుడిదీ విడివిడిగా తూచాలి.

మధ్యాహ్నం ఎవరో ఒక జత అడుగు పొరలను ఎండలో డాబా మీద పెట్టి మరిచారు. ఈవీఏ అనే ప్లాస్టిక్ నురుగు ముడుచుకుని నాలుగు మిల్లీమీటర్లు పొట్టిదైంది, మళ్లీ కొయ్యాలి. కారు డిక్కీలో బూట్లు వదిలేసే వాళ్లకు ఇదే జరుగుతుంది.

అస్తరు పీకి మళ్లీ పూత పెట్టాం. 24 గంటలు నీళ్లు తగలకూడదు. రేపు సాయంత్రం దాకా ముట్టవద్దని పలక మీద సుద్దముక్కతో రాసి, బూటును తలకిందులుగా నీడలో వేలాడదీశాం.