చెప్తే వినే మనసు

దేవుని వాక్యం, అంటే బైబిల్, బాగా తెలిసినవాళ్లకే దిద్దుబాటు తీసుకోవడం ఎక్కువ కష్టమని నాకనిపిస్తుంది, ఎందుకంటే వాళ్లని అడిగేవాళ్లే గానీ వాళ్లకి చెప్పేవాళ్లు ఉండరు. మొన్న గాజువాకలో ఇంట్లో జరిగే ప్రార్థన కూటానికి వెళ్తే మా సంఘ పెద్ద ఒకాయన, స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన మనిషి, యేసు పుట్టినప్పుడు ఆయన్ని చూడ్డానికి తూర్పు నుంచి ముగ్గురు జ్ఞానులు వచ్చారని చెప్పారు. కూటం అయ్యాక డిగ్రీ చదివే అమ్మాయి మెల్లగా దగ్గరికెళ్లి, "అంకుల్, మత్తయి సువార్త 2వ అధ్యాయంలో ముగ్గురని లేదండి" అంది. నాకైతే టెన్షన్. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో వచనం మీద వేలు పెట్టి చదివి, "నిజమేనమ్మా, కానుకలే మూడు" అని పక్కన పెన్సిల్‌తో రాసుకున్నారు. వచ్చే కూటంలో అందరికీ చెప్తానన్నారు. దేవునికి స్తోత్రం!

నాకు బైబిల్లోని అపొల్లో గుర్తొచ్చాడు. అలెక్సంద్రియవాడు, లేఖనాల్లో దిట్ట, అయినా యేసుకి ముందు వచ్చిన యోహాను ఇచ్చిన బాప్తిస్మం వరకే తెలుసు. ఎఫెసులో అతన్ని చేర్చుకుని దేవుని మార్గం ఇంకా వివరంగా చెప్పింది ఎవరు? డేరాలు కుట్టుకునే అకుల, ప్రిస్కిల్ల (అపొ. కార్యములు 18). అందరి ముందూ నిలదీయలేదు చూడండి, అదీ ముఖ్యమే. ఆ తర్వాత అతను గ్రీసులోని అకయకు వెళ్లి అక్కడి విశ్వాసులకు ఎంతో సాయపడ్డాడు.

మన సంఘాల్లో పిల్లలు కూడా భయం లేకుండా వచ్చి చెప్పగలిగేలా ప్రార్థన చేయండి.