ఆ మురికి నీళ్లు పారబోయకండి

వారానికి ఇరవై రెండు అక్వేరియంలు శుభ్రం చేయడం నా ఉద్యోగం. క్లినిక్‌లు, ఆఫీసు రిసెప్షన్లు, రెండు హోటళ్లు, కొన్ని ఇళ్లు. పొద్దున్నే వ్యాన్‌లో బకెట్లు, సైఫన్ పైపులు, టెస్ట్ కిట్లు సర్దుకుని బయలుదేరితే సాయంత్రానికి చేతులు మోచేతుల దాకా నాని ముడతలు పడి ఉంటాయి. ఈ దేశం వచ్చేటప్పుడు కాగితం మీద ‘మెయింటెనెన్స్ టెక్నీషియన్’ అని మాత్రమే ఉంది. ఏసీలో లిఫ్టులో బాగుచేయాలేమో అనుకున్నాను. చేపలని ఇక్కడ దిగాకే తెలిసింది. ఏడేళ్లయింది. ఇప్పుడు ఇంకో పనికి మారమన్నా మారను.

వచ్చిన మొదటి నెలలో జరిగినది ఇప్పటికీ మర్చిపోలేను. ఒక క్లినిక్‌లో రెండు వందల నలభై లీటర్ల ట్యాంకు, కింద అల్మారాలో క్యానిస్టర్ ఫిల్టర్, అంటే ట్యాంకు బయట ఉండి గొట్టాలతో నీళ్లు లాగి, వడకట్టి తిరిగి పంపే మూత డబ్బా. మూత తీస్తే లోపల సిరామిక్ రింగులన్నీ గోధుమ రంగు జిగురుతో ఉన్నాయి. కొత్త ఉద్యోగం, బాగా చేస్తున్నానని అందరికీ తెలియాలన్న తపన. సింకులో కుళాయి కింద పెట్టి, బ్రష్షుతో రుద్ది, ఒక్కో రింగూ తెల్లగా అయ్యేదాకా కడిగాను. స్పాంజ్‌లు, దూది అన్నీ కొత్తవి వేశాను. ఆ సాయంత్రం ట్యాంకులో నీళ్లున్నాయా లేవా అన్నంత తేటగా ఉంది. రిసెప్షన్‌లో ఆవిడ ఎంతో మెచ్చుకుంది.

మూడో రోజు ఫోను. చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తున్నాయి. పరుగున వెళ్లి చూస్తే నీళ్లు అంతే తేటగా ఉన్నాయి. ఏం చేయాలో తోచలేదు. మా సీనియర్‌కి ఫోన్ చేశాను. ఆయనదీ ఈ దేశం కాదు. నా భాష ఆయనకు రాదు, ఆయనది నాకు రాదు, ఇద్దరిదీ అరకొర ఇంగ్లీషే. ఆయన వచ్చి చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేశారు. పసుపు రంగులో ఉండాల్సినవి ముదురు ఆకుపచ్చకు తిరిగాయి. అమ్మోనియా. “రింగులు ఏ నీళ్లతో కడిగావు బ్రదర్?” అని మాత్రం అడిగారు. తిట్టలేదు. సగం నీళ్లు మార్చి, ఇంకో ట్యాంకు నుంచి పాత, మురికి పట్టిన స్పాంజ్ తెచ్చి మా క్యానిస్టర్‌లో పెట్టారు. పదకొండింట్లో నాలుగు చేపలు చనిపోయాయి.

ఆ గోధుమ రంగు జిగురే అసలు ఫిల్టర్ అని ఆ రోజు తెలిసింది. చేప వదిలే వ్యర్థం, తినకుండా మిగిలిన మేత, కుళ్లిన ఆకు, అన్నీ అమ్మోనియాగా మారతాయి. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే, చేప రక్తం ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. అది అంత ప్రమాదం కాదు, నీళ్లు మార్చినప్పుడల్లా కొంత పోతుంది. ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండేది తక్కువ. రింగుల మీద, స్పాంజ్ రంధ్రాల్లో, గులకరాళ్ల మీద అంటుకుని బతుకుతుంది. కుళాయి నీళ్లలో క్లోరిన్ కలిపేదే బ్యాక్టీరియాను చంపడానికి. కుళాయి నీళ్లతో, బ్రష్షుతో నేను తోమేసింది ఆ బ్యాక్టీరియానే.

తర్వాత కొన్ని నెలలు, రాత్రి రూములో మిగతా ముగ్గురూ పడుకున్నాక ఫోన్‌లో ఇదే చదివేవాణ్ణి. నైట్రైట్ పని చూసేది నైట్రోబాక్టర్ అనే బ్యాక్టీరియా అని చాలాకాలం నమ్మారు. 1998లో టిమోతీ హోవనెక్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు మంచినీటి అక్వేరియంలను పరీక్షిస్తే అక్కడ ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా అనే ఇంకో బ్యాక్టీరియా అని తేలింది. 2015లో ఇంకో సంగతి బయటపడింది, నైట్రోస్పైరాలో కొన్ని అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా మొత్తం పని ఒక్కటే చేసుకుపోతాయని. నేను సింకులో పారబోసింది ఏమిటో పేర్లతో సహా తెలుస్తుంటే చదవడం ఆపలేకపోయేవాణ్ణి.

పోయిన సంవత్సరం తమ్ముడు ఫోన్ చేశాడు. “అన్నా, ఇంట్లో పిల్లల కోసం ట్యాంకు పెడుతున్నా. ఏ ఫిల్టర్ కొనమంటావు?” ఎన్ని లీటర్లు, ఏం చేపలు అని అడిగాను. అరవై లీటర్లు, చేపలింకా అనుకోలేదన్నాడు. ముందు చేపలు తేల్చుకోరా, ఫిల్టర్ తర్వాత అన్నాను. బెట్టా లాంటి పొడవు రెక్కల చేపకు ప్రవాహం ఎక్కువైతే ఈదలేక అలసిపోతుంది. గోల్డ్‌ఫిష్ అయితే తిండీ ఎక్కువే, వ్యర్థమూ ఎక్కువే, దానికి అరవై లీటర్లే చాలవు. రొయ్యలో చేపపిల్లలో ఉంటే మామూలు ఫిల్టర్ నోటి గొట్టం లోపలికి లాగేస్తుంది, ఎయిర్ పంప్ గాలితో స్పాంజ్ గుండా నీళ్లు లాగే స్పాంజ్ ఫిల్టరే మేలు.

గంటకు ట్యాంకు నీటికి నాలుగు నుంచి ఆరు రెట్లు తిరగాలన్నది మేం మామూలుగా పాటించే లెక్క. అరవై లీటర్లకు రెండు వందల నలభై నుంచి మూడు వందల అరవై. కానీ డబ్బా మీద అంకె చాలాసార్లు లోపల మీడియా, అంటే వడకట్టే సరుకు, లేకుండా కొలిచినది. దూది, రింగులు పెట్టి, నెల రోజులు మురికి పట్టాక బాగా తగ్గుతుంది. అందుకే కొంచెం పెద్దదే తీసుకోమంటాను. చివరికి తమ్ముడు చిన్న చేపల గుంపు అనుకున్నాడు. స్పాంజ్ ఫిల్టరే చెప్పాను. చూడ్డానికి బాగోదు, ఎయిర్ పంప్ చప్పుడు ఉంటుంది. అయినా పాడయ్యే భాగాలు తక్కువ, కడగడం తేలిక, బ్యాక్టీరియాకు చోటు దండిగా ఉంటుంది. ఎయిర్ పంప్‌ను నీటి మట్టం కంటే పైన పెట్టు, లేదా గొట్టానికి నీళ్లు వెనక్కి రానివ్వని చెక్ వాల్వ్ వెయ్యి, కరెంటు పోతే నీళ్లు వెనక్కి వచ్చేస్తాయి అని రెండుసార్లు చెప్పాను. పెద్ద ట్యాంకులకు క్యానిస్టర్ నాకు ఇష్టం. కానీ తెరవడానికి బద్ధకించి ఆరు నెలలు ముట్టుకోని క్యానిస్టర్లు ఎన్నో చూశాను. తెరిచి కడగగలిగే ఫిల్టరే కొనాలి.

నీళ్లు మసకబారితే ముందు రంగు చూస్తాను. కొత్త ట్యాంకు పాలలా తెల్లగా అయితే అది బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరగడం. మేత తగ్గించి, అమ్మోనియా చూసుకుంటూ వదిలేస్తే సాధారణంగా దానంతటదే పోతుంది. పసుపు, టీ రంగు అయితే ట్యాంకులోని చెక్క ముక్క నుంచి దిగే టానిన్లు అనే రంగు పదార్థాలు. చేపలకు హాని లేదు. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ అనే ప్రత్యేకమైన బొగ్గు వేస్తే రంగు పోతుంది, కొన్ని వారాలకు దాన్ని మార్చాలి. ఆకుపచ్చ అయితే కంటికి కనిపించనంత చిన్న నాచు. ఒక హోటల్లో ట్యాంకును పెద్ద కిటికీ పక్కన పెట్టారు. మేనేజర్ వారం వారం “మందు వెయ్యి” అంటారు, నేను కిటికీ చూపిస్తాను. ఆ నాచు దూదిలో నిలవదు, దాటిపోతుంది. చివరికి తెర కట్టించి, లైటు ఎనిమిది గంటలకు తగ్గించి, దాటిపోయే నీళ్లలో నాచును చంపే యూవీ లైటు గొట్టం పెట్టించాను. వారం పది రోజుల్లో వెనక గోడ కనిపించింది.

ఇంకో ఆఫీసులో శుక్రవారం సాయంత్రం ఎవరో మెయిన్ స్విచ్ ఆపేసి వెళ్లారు. సోమవారం నేను వెళ్లేసరికి క్యానిస్టర్ రెండు రోజులకు పైగా ఆగి ఉంది. స్విచ్ వేయబోతున్నాడు అక్కడి అబ్బాయి. చెయ్యి పట్టుకుని ఆపాను. ఆక్సిజన్ అందక లోపలంతా కుళ్లి ఉంటుంది, వేయగానే ఆ నీళ్లన్నీ ట్యాంకులోకే వస్తాయి. మూత తీస్తే వాసనకు ఇద్దరం వెనక్కి జరిగాం.

ఈ నెలాఖరున రెండు నెలల సెలవు మీద వెళ్తున్నాను. నా ట్యాంకులు చూడ్డానికి కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి ఇచ్చారు, మన భాషే. మేత తక్కువ వెయ్యి, రెండు నిమిషాల్లో తినగలిగినంతే అని చెప్పాను. నీళ్లు నాలుగో వంతు మార్చు, ఎప్పుడూ మొత్తం మార్చకు. కుళాయి నీళ్లను ఒక రాత్రి ఉంచితే చాలనుకోకు, ఇక్కడ కలిపేది క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్లోరమైన్, అది అలా పోదు, దాన్ని విరిచే డీక్లోరినేటర్ మందు వేసి తీరాలి.

నిన్న అదే క్లినిక్‌కు తీసుకెళ్లాను. సైఫన్‌తో తీసిన పాత నీళ్లతో బకెట్ నిండింది. వాడు దాన్ని ఎత్తి సింకు వైపు నడిచాడు.

“ఆగు, దించు.”

“మురికి నీళ్లే కదన్నా?”

“వాటితోనే కడగాలి.”

క్యానిస్టర్ తెరిచి గోధుమ రంగు స్పాంజ్ వాడి చేతిలో పెట్టాను. ఆ బకెట్లోనే రెండుసార్లు మెల్లగా పిండించాను. రంగు పూర్తిగా పోలేదని మూడోసారి పిండబోయాడు. చాలు, ఇక లోపల పెట్టేయ్ అన్నాను.