ఏటి ఇసుకలో శిలాజాలు: పేరు కంటే ముందు చిరునామా

శిలాజాల మీద ఆసక్తి కలిగిన హైదరాబాద్ వాసులు మొట్టమొదట తెలుసుకోవలసిన విషయం, మన నగరం కింద ఉన్న రాతిలో శిలాజాలు ఉండవన్నది. బంజారాహిల్స్‌లోనైనా, గోల్కొండ కోట చుట్టుపక్కలనైనా మనకు కనిపించే గుండ్లన్నీ సుమారు 250 కోట్ల ఏళ్ళ క్రితం భూమి లోపల శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గట్టిపడగా ఏర్పడిన గ్రానైట్. ఆ కాలానికి ఎముకలున్న జీవి ఏదీ పుట్టలేదు, పుట్టి ఉన్నా అంత వేడిలో దాని ఆనవాలు మిగిలేది కాదు. అందువల్ల ఇక్కడి శిలాజాన్వేషకులు నగరం దాటి బయటికి వెళ్ళవలసిందే, అది కూడా ఏదో ఒక నదిని పట్టుకుని వెళ్ళడం మేలు. మనిషి తవ్వలేనంత మేర నది తవ్వి పెడుతుంది, కొట్టుకొచ్చినదాన్ని బరువును బట్టి వేరు చేసి పోస్తుంది.

నది చేసే ఈ మేలులోనే ఒక చిక్కు కూడా ఉంది. పొరలో పాతుకుని ఉన్న ఎముకకు ఆ పొరే వయసు చెబుతుంది, పక్కన ఉన్న నత్తగుల్లలూ ఆకుల ముద్రలూ సాక్ష్యమిస్తాయి. నదిలో దొరికిన ముక్క ఆ సాక్షులందరినీ పోగొట్టుకుని వస్తుంది. కాబట్టి ఏటి ఇసుకలో దొరికినదాన్ని గుర్తుపట్టడమంటే, దాన్ని చేతిలో పట్టుకుని పుస్తకంలో బొమ్మతో పోల్చడం కంటే ముందు, ఆ ఏరు ఎగువన ఏ రాళ్ళను, ఏ ఒండ్రు గట్లను కోసుకుంటూ వస్తున్నదో తెలుసుకోవడం. ఈ ఒక్క మాట అర్థమయ్యాక నా అలవాట్లన్నీ మారిపోయాయి. భూవిజ్ఞాన పటం చూడకుండా ఇప్పుడు ఏ ఏటికీ వెళ్ళడం లేదు.

మంజీరనే తీసుకుందాం. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, లాతూరు, బీదరు ప్రాంతాల మీదుగా దక్కన్ లావా రాతిని కోసుకుంటూ సంగారెడ్డి వైపు వచ్చి, సింగూరు, నిజాంసాగర్ జలాశయాలు దాటి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. లావా రాతిలో ఎముకలుండవు. కానీ ఆ రాతి మీద నది తానే వేల, లక్షల ఏళ్ళుగా పరిచిన పాత ఒండ్రు గట్లు ఉన్నాయి. లాతూరు జిల్లా హర్వాడి దగ్గర అటువంటి గట్ల నుంచే పెద్ద జంతువుల శిలాజాలు బయటపడ్డాయి. గోదావరి ఎగువన నాసిక్ జిల్లా నందూర్ మధ్మేశ్వర్ ఒండ్రులో అంతరించిపోయిన మహాగజం అవశేషాలు దొరికిన సంగతి 1905లోనే భూవిజ్ఞాన శాఖ ప్రచురణలలో నమోదైంది. అంటే మంజీర ఇసుకలో శిలాజమంటూ దొరికితే అది డైనోసారుది కాదు, మంచుయుగాల కాలమైన ప్లీస్టొసీన్ నాటి పశువుదో, ఏనుగుదో, జింకదో కావచ్చునని జల్లెడ పట్టకముందే తెలిసిపోతుంది. ఆశను ముందుగా ఈ హద్దులో పెట్టుకోవడం వల్ల కంటికి ఏం వెతకాలో తెలుస్తుంది.

వెతకడానికి అనువైన కాలం ఏప్రిల్, మే నెలలు. నీరు తగ్గి గులకరాళ్ళ మేటలు తేలి ఉంటాయి. ఎముకలో, పంటిలో ఉండే ఖనిజం మామూలు ఇసుక రేణువుల కంటే కొంత బరువైనది కనుక, నది మలుపు తిరిగేచోట లోపలి ఒడ్డున, పెద్ద బండల వెనుక, ప్రవాహం వేగం తగ్గే ప్రతి చోటా నల్ల ఇసుకతో, బరువైన గులకరాళ్ళతో కలిసి అది ఆగుతుంది. మెత్తని సన్న ఇసుక పరచుకున్న చోట ఎంత జల్లించినా ఫలితముండదు.

పనిముట్లకు పెద్దగా ఖర్చు లేదు. ఇల్లు కట్టేచోట మేస్త్రీలు వాడే ఇసుక జల్లెడ ఒకటి, దాని కింద పట్టేందుకు సన్న కన్నుల జల్లెడ ఇంకొకటి, ఒక తాపీ, పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం, జిప్ సంచులు, చెరిగిపోని మార్కర్ చాలు. చీలమండ లోతు నీటిలో నిలబడి జల్లెడను నీటి మట్టానికి తాకించి అటూ ఇటూ కదిపితే బంకమన్ను కరిగిపోయి గులకరాళ్ళు మిగులుతాయి. వాటిని గోనెపట్టా మీద పరిచి ఆరనివ్వాలి. నాకు ఈ పని మొత్తంలో అత్యంత ఇష్టమైన ఘట్టం ఈ ఆరబెట్టడమే. తడి మీద ఉన్నప్పుడు రాయీ, ఎముకా, కుండపెంకూ అన్నీ ఒకే తీరున నిగనిగలాడతాయి. ఎండ తగిలాక లావా గులకలూ, అకీకు (అగేట్) రాతి ముక్కలూ ముందుగా ఆరిపోతాయి. సన్నని రంధ్రాలలో నీటిని పట్టి ఉంచుకున్న ఎముక ముక్క ఇంకా కొంతసేపు ముదురు రంగులోనే ఉండి వాటి మధ్య తానుగా బయటపడుతుంది.

అలా బయటపడ్డ ఒక ముక్క గురించి కొంచెం వివరంగా చెబుతాను. బొటనవేలంత పొడవు, గోధుమ రంగు కలిసిన నలుపు, ఒక చివర విరిగి ఉంది. పక్కనే బర్రెలను నీళ్ళకు తోలుకొచ్చిన ఒక పెద్దాయన దాన్ని అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పి, "బర్రె పల్లు గద సార్ ఇది, గింత బరువెందుకున్నది?" అన్నారు. ఒక నిపుణుడు అడిగే రెండు ప్రశ్నలూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ఇది ఏ జంతువుది, ఇది ఎంత పాతది?

మొదటి ప్రశ్నకు జవాబు పంటి ఆకారంలో ఉంటుంది. గడ్డి నమిలే జంతువుల దవడ పళ్ళు అరిగే కొద్దీ వాడుకలోకి రావడానికి వీలుగా పొడుగ్గా ఉంటాయి. వాటిలో నెమరువేసే జంతువులకు నమిలే తలం మీద ఎనామిల్ గట్లు నెలవంకల ఆకారంలో వంగి ఉంటాయి. ఈ ముక్కలో రెండు తమ్మెలు, అంటే ఉబ్బెత్తు భాగాలు, వాటి మీద నెలవంకలు, ఆ రెండు తమ్మెల సందులో లోపలి వైపున విడిగా నిలిచిన ఒక సన్నని స్తంభం కనిపించాయి. ఆ చిన్న స్తంభమే ఆవు, గేదె జాతుల పై దవడ పంటికి మంచి గుర్తు. గుర్రం పంటిలో నెలవంకలకు బదులు ఎనామిల్ మడతలు మడతలుగా చిక్కుబడి ఉంటాయి, ఇలాంటి విడి స్తంభం ఉండదు. జింకల పళ్ళు పొట్టివి. ఏనుగు పన్నైతే అసలు పొరపాటు పడే అవకాశమే ఉండదు, పలకలను వరుసగా నిలబెట్టి మధ్యలో సిమెంటుతో అతికించినట్లుంటుంది. నీటిగుర్రాలు (హిప్పోలు) ఒకప్పుడు భారతదేశపు నదులలో తిరిగేవి కాబట్టి వాటి పన్ను ఎలా ఉంటుందో కూడా తెలిసి ఉండడం మంచిది, అరిగిన తలం మీద మూడాకుల ముద్ర కనిపిస్తుంది. స్తంభం ఉన్నంత మాత్రాన ఆవా, గేదెనా, నీలగాయా అన్నది ఒక్క విరిగిన పంటితో తేల్చలేము. కనుక నా పుస్తకంలో "ఆవు కుటుంబం, పై దవడ పన్ను" అని మాత్రమే రాసుకున్నాను. సందేహం ఉన్నచోట కుటుంబం దగ్గరే ఆగడం శాస్త్రానికి చేసే మర్యాద అని నా నమ్మకం.

రెండో ప్రశ్న మరింత కష్టమైనది. చాలామంది రంగును నమ్ముతారు. నల్లగా ఉంటే పాతదని అనుకుంటారు. బురదలో ఉండే మాంగనీస్, ఇనుము నిన్నమొన్నటి ఎముకను కూడా నల్లబరచగలవు. బరువు కొంతవరకు నమ్మదగినది, ఎందుకంటే ఎముక రంధ్రాలలో ఖనిజం నిండే కొద్దీ అది రాయిలా బరువెక్కుతుంది, గోటితో తడితే ఖంగుమంటుంది. ఎర్రగా కాల్చిన సూదిని విరిగిన అంచుకు తాకిస్తే, మాంసకృత్తు మిగిలి ఉన్న కొత్త ఎముక వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. శిలాజం వేయదు. నాలుకకు అతుక్కుంటుందేమో చూడడమనే పాత పద్ధతి ఒకటుంది కానీ, మన ఏళ్ళలో కలుస్తున్న మురుగునీటిని దృష్టిలో పెట్టుకుని దాన్ని ఎవరూ పాటించవద్దని గట్టిగా కోరుతున్నాను. ఈ పరీక్షలన్నీ కలిపినా "పాతది కావచ్చు" అనే వరకే తీసుకువెళతాయి. నిజమైన వయసు చెప్పవలసింది అది ఏ గట్టు నుంచి రాలిపడిందో ఆ గట్టే. అందుకే ముక్క దొరికిన చోటికి ఎగువన ఒడ్డు కోసుకుపోయిన చోటులన్నీ నడిచి చూసి, గులకరాళ్ళ పొర కనిపించిన ప్రతి చోటా ఫొటో తీసి, ఫోనులో అక్షాంశ రేఖాంశాలు నమోదు చేసుకుంటాను.

శిలాజాన్ని జల్లెడ పట్టి తీయడంలో ఎంత ఓర్పు కావాలో తెలియాలంటే నస్కల్ కథ తెలియాలి. మనకు పడమరగా, వికారాబాద్ జిల్లాలో, మూసీ పుట్టే అనంతగిరి కొండలున్న ఆ లావా ప్రాంతంలోనే ఉన్న చిన్న ఊరు అది. రెండు లావా ప్రవాహాల నడుమ, అగ్నిపర్వతాలు కొంతకాలం శాంతించినప్పుడు ఏర్పడిన నీటిమడుగుల మట్టి అక్కడ పలుచని పొరగా మిగిలింది. ఆ మట్టిని కడిగి జల్లించి, సూక్ష్మదర్శిని కింద గింజ గింజగా ఏరి, జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని అనే శాస్త్రవేత్తలు కొద్ది మిల్లీమీటర్లు కూడా లేని పళ్ళను కనుగొన్నారు. భారతదేశంలో డైనోసార్ల చివరి యుగమైన క్రిటేషియస్ కాలపు క్షీరదం దొరకడం అదే మొదలు. దక్కనోలెస్టిస్ హిస్లోపి అని పేరు పెట్టి 1988లో ప్రకటించారు. డైనోసార్లు బతికి ఉండగా మన వికారాబాద్ నేల మీద చుంచెలుకంత జీవి ఒకటి పురుగులు తింటూ తిరిగిందని మనకు తెలిసింది ఆ పళ్ళ వల్లనే. ఇటువంటి గట్టి బంకమట్టిని ముందుగా బాగా ఎండబెట్టి, కిరసనాయిలులో నానబెట్టి, దాన్ని వంపేసి నీళ్ళు పోస్తే మట్టి తనంతట తానే విచ్చిపోతుంది. తర్వాత అరమిల్లీమీటరు కన్నుల జల్లెడలో సన్నని ధారతో కడుగుతారు. సుత్తితో కొడితే పళ్ళు ముందే పొడి అయిపోతాయి.

ఇంకా పాత కాలానికి వెళ్ళదలచుకుంటే ప్రాణహిత, గోదావరి లోయ ఉండనే ఉంది. ఆసిఫాబాద్, మంచిర్యాల ప్రాంతంలో మలేరి అని పిలిచే ఎర్రమన్ను పొరల్లో వాగులు కోసినచోట ఊపిరితిత్తుల చేప పంటి పలకలు విసనకర్ర మడతల్లాంటి గట్లతో దొరుకుతాయి, గట్టిపడ్డ పేడముద్దలు కూడా విస్తారంగా ఉంటాయి. అవి డైనోసార్లు తొలిసారి కనిపించిన ట్రయాసిక్ కాలానివి. దానికి పైనున్న, కోట అనే ఊరి పేరుతో పిలిచే రాతి పొరల నుంచి వచ్చినదే యామన్‌పల్లి డైనోసారు, కోటాసారస్. కనీసం 12 జంతువుల ఎముకలు అక్కడ కలగలిసి దొరికాయి. పుర్రె మాత్రం దొరకలేదు, పళ్ళు మాత్రమే దొరికాయి. బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన ఆ అస్థిపంజరాన్ని పిల్లలకు చూపించేటప్పుడు తల భాగం నమూనా అన్న సంగతి కూడా చెప్పాలి. దొరికినదేదో, ఊహించినదేదో వేరు చేసి చూడడం వాళ్ళకు అక్కడే అలవాటవుతుంది.

శిలాజంలా కనిపించి శిలాజం కానివి మన ప్రాంతంలో చాలా ఉన్నాయి. ఇంటి నేలకు పరిచిన తాండూరు రాయి మీద ఫెర్న్ ఆకుల్లా కొమ్మలు కొమ్మలుగా కనిపించే నల్లని గీతలు మొక్కలు కావు, రాతి పగుళ్ళలో ఇంకిన నీటి నుంచి పేరుకున్న మాంగనీస్ ఖనిజం. ఆకు అయితే నడిమి ఈనె ఉంటుంది, ఈనెలు ఒక క్రమంలో చీలతాయి. ఇందులో ఆ క్రమం ఉండదు, పగులు అంచు నుంచి మొదలై లోపలికి పాకుతుంది. ఏటి గట్లలో దొరికే తెల్లని సున్నపు గడ్డలు కొన్ని చెట్ల వేళ్ళ చుట్టూ పేరుకుని అచ్చం వేలి ఎముకల్లా ఉంటాయి. వాటిని విరిచి చూస్తే లోపల ఎముకకుండే స్పంజి అల్లిక కనిపించదు, నిమ్మరసం చుక్క వేస్తే నురగ వస్తుంది.

చివరగా కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. మంజీరలో, గోదావరిలో కొంత భాగం వన్యప్రాణి అభయారణ్యం. అక్కడ రాయి కూడా ఏరకూడదు. పైగా మంజీరలో మొసళ్ళున్నాయి, లోతు తెలియని మడుగులో దిగడం ప్రమాదం. గట్టులో ఇంకా పాతుకుని ఉన్న ఎముక కనిపిస్తే తాపీ పక్కన పెట్టేయాలి. పక్కన కొలబద్ద పెట్టి ఫొటో తీసి, చోటు గుర్తించి, బండ్లగూడలోని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు గాని, విశ్వవిద్యాలయ భూవిజ్ఞాన శాఖకు గాని తెలియజేయాలి. విడిగా దొరికిన ప్రతి ముక్కకూ ఒక సంచి, ఆ సంచిలో ఒక చీటీ ఉండాలి. తేదీ, ఏరు, దగ్గరి ఊరు, అక్షాంశ రేఖాంశాలు, మేటలోనా గట్టు అడుగునా, ఎంత లోతులో, ఏ రాళ్ళతో కలిసి దొరికిందో రాయాలి. జంతువు పేరు కోసం చీటీలో చివరి వరుస ఖాళీగా వదిలి, పెన్సిలుతో రాయండి. నా పంటి చీటీలో ఆ వరుస ఇప్పటికి రెండుసార్లు మారింది, మొదటి ఏడు వరుసలు మాత్రం ఏటి ఒడ్డున రాసినవి రాసినట్లే ఉన్నాయి.