క్రాన్‌బెర్రీ మడుల్లో నా తొలి ఏడాది

పనిలో చేరిన నాలుగో రాత్రి ఒంటిగంటన్నరకు ఫోను మోగింది. మడిలో అమర్చిన థర్మామీటరు పంపిన హెచ్చరిక అది. సాయంత్రం వాతావరణ సూచనలో 35 డిగ్రీల ఫారెన్‌హీట్ అన్నారు. మడిలో 24 చూపిస్తోంది. యంత్రం పాడైందేమో అనుకుంటూ వెళ్లాను. పాడవలేదు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం మధ్య భాగంలో, వారెన్స్ అనే ఊరి చుట్టుపక్కల ఉన్న ఈ చిత్తడి నేలలు బాగా పల్లం. గాలి వీచని రాత్రి చల్లగాలి బరువెక్కి, గిన్నెలోకి నీరు దిగినట్టు మడుల్లోకి దిగుతుంది. ఊళ్లో పలచటి స్వెటరుతో గడిచిపోయే రాత్రి ఇక్కడ మొగ్గలు మాడిపోతాయి.

అప్పటిదాకా ఈ పంట గురించి నాకు తెలిసిందల్లా ఒక ఫొటో. ఎర్రటి పళ్ల మధ్య నడుములోతు నీళ్లలో నిలబడి నవ్వుతున్న ఇద్దరు మనుషులు. అమెరికాలో ఉన్నవాళ్లు ఎవరైనా చూసే ఉంటారు. అది చూసి క్రాన్‌బెర్రీ నీళ్లలో కాస్తుందనుకున్నాను. ఆ మాట అన్నప్పుడు తోట యజమాని, నేను పెద్దాయన అనే ఆయన, నవ్వాపుకుని నన్ను మడిలోకి తీసుకెళ్లి మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. తీగల్ని పక్కకు తప్పించి చూస్తే కింద ఇసుక. చేత్తో తీస్తే వేళ్ల సందుల్లోంచి జారిపోయేంత పొడి ఇసుక. దాని మీద నేలంతా పాకిన సన్నటి తీగలు, వాటి నుంచి జానెడు ఎత్తున నిటారుగా లేచిన రెమ్మలు. కాయ కాసేది ఈ నిలువు రెమ్మలకే. వేళ్లు పైపైనే, కొన్ని అంగుళాల లోతులో ఉంటాయి. పెరిగే కాలంలో నీరు నిలిస్తే కుళ్లిపోతాయి. పుల్లటి నేల కావాలి, పీహెచ్ 4 నుంచి 5.5 లోపు ఉండాలి. ఒకసారి నాటితే కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, ఆ తరువాత నూరేళ్లు దాటినా కాస్తూనే ఉంటుంది. పెద్దాయన మడుల్లో కొన్ని ఆయన తాతగారు నాటించినవి.

సరే, ఆ రాత్రి సంగతి. చలికి బిగుసుకుపోతున్న మొక్క మీద నీళ్లు చల్లడమేమిటని నాకు అంతుపట్టలేదు. పంపు నడుస్తుండగా పెద్దాయన ఆ మోత మధ్యే అరిచి చెప్పారు. నీరు గడ్డకట్టేటప్పుడు వేడిని వదులుతుంది, గ్రాముకు 80 క్యాలరీలు. ఆ వేడే మొగ్గను 32 డిగ్రీల దగ్గర నిలబెడుతుంది. అయితే మంచు పేరుకుంటూనే ఉండాలి. మధ్యలో నీరు ఆగిందా, తడిసిన మొగ్గ ఆరుతూ ఇంకా చల్లబడుతుంది. అంతకంటే అసలు చల్లకపోవడమే నయం. తెల్లవారి, ఎండ పడి, గడ్డ కరగడం మొదలయ్యేదాకా పంపు కట్టేయకూడదు.

నాకు అప్పజెప్పింది పన్నెండో మడి. టార్చిలైటు పట్టుకుని గట్టు వెంట నడుస్తూ ప్రతి స్ప్రింక్లరూ తిరుగుతోందో లేదో చూడాలి. మూతికి మంచు పట్టినా, కాలువలోని నాచు అడ్డుపడినా తీగముక్కతో పొడిచి కదిలించాలి. చూడటం కంటే వినమన్నారు. తిరిగే స్ప్రింక్లరు టకటకమంటుంది. నలభై చోట్ల టకటకమంటుంటే ఒకచోట ఆగిన సంగతి పట్టుకోవాలంటే అలవాటున్న చెవి కావాలి. నాకా చెవి లేదు.

ఉదయం మడి మొత్తం గాజు పోత పోసినట్టు మెరిసింది. ఒక్కొక్క రెమ్మా ఒక్కొక్క గాజుపుల్ల. నడిమి వరసలో ఒకచోట మాత్రం, ఆగిపోయిన స్ప్రింక్లరు చుట్టూ పెద్ద గది అంత వృత్తంలో, మంచు పేరుకోలేదు. రెమ్మలు మామూలుగా, పొడిగా ఉన్నాయి. మడి అంతటిలో దెబ్బ తగలనిది అదొక్కటే అన్నట్టుంది చూడటానికి. రెండు రోజులు ఆగి పెద్దాయన అక్కడ ఒక మొగ్గ గిల్లి, చాకుతో నిలువునా కోసి చూపించారు. లోపల ఆకుపచ్చగా ఉండాల్సింది గోధుమరంగుకు తిరిగింది. ఆయన ఒక్క మాటా అనలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

మే నెల దాటేదాకా ఇలాంటి రాత్రులు ఎన్ని గడిచాయో లెక్క పెట్టలేదు. జూన్ చివరికి పూత వచ్చింది. తెల్లటి, లేత గులాబీ రంగు పూలు. నాలుగు రేకులూ వెనక్కి మడుచుకుని, మధ్యలో ముక్కు పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. వంగిన క్రౌంచపక్షి తలలా తోచిందట తొలినాటి వలసవాళ్లకు. ఆ పక్షిని క్రేన్ అంటారు కాబట్టి క్రేన్‌బెర్రీ, అదే తరువాత క్రాన్‌బెర్రీ అయింది. తేనెటీగల పెట్టెలు రాత్రికి రాత్రి లారీల్లో దిగాయి. పన్నెండో మడి గట్టు మీద నిలబడితే తెల్లటి దుప్పటికి చిరుగు పడినట్టు నా వృత్తం కనిపించేది. ఈగలు కూడా దాన్ని చుట్టుకునే పోతున్నట్టు అనిపించేది. నా ఊహే కావచ్చు.

వేసవిలో చెప్పుకోదగ్గది తక్కువ. కలుపు తీయడం, కాయతొలిచే పురుగు కోసం కాయలు చీల్చి చూడటం, వానలు లేని వారం అంగుళం నీరు పెట్టడం. కాయలు ఆకుపచ్చ నుంచి తెలుపుకు వచ్చి, సెప్టెంబరులో అక్కడే ఆగిపోయాయి. ఎరుపు రావాలంటే పగలు ఎండ, రాత్రి చల్లదనం రెండూ కుదరాలి. ఆకుల చాటున పడిన కాయలు పాలిపోయే ఉంటాయి. అమెరికా పంటలో సుమారు అరవై శాతం పండించే రాష్ట్రం అంతా ఆ రోజుల్లో ఆకాశం వంకే చూస్తూ ఉంటుంది. కోతకు తొందరపడితే రంగు రాదు, ఆలస్యం చేస్తే గట్టి మంచు కొడుతుంది.

అక్టోబరు మొదటి వారంలో నీళ్ల పని వచ్చింది. ఫొటోలో చూసిన ఘట్టం ఇదే, మొత్తం ఏడాదిలో రెండు మూడు వారాలు. ముందు స్ప్రింక్లర్ల తలలన్నీ ఊడదీసి గట్టుకు చేర్చాం. పన్నెండో మడి వరస నేనే తీశాను, ఆ ఒక్కదాన్ని విడిగా పెట్టి. తరువాత తూము పలకలు ఒక్కొక్కటి ఎత్తితే పై చెరువు నీరు కాలువ గుండా మడిలోకి వచ్చింది. మొదట రెమ్మలు మునిగీ మునగనంత. అప్పుడు ట్రాక్టరు వెనక హారో అనే చట్రం కట్టి తోలారు. దాని కడ్డీలు తీగల్ని దువ్వుకుంటూ పోతుంటే కాయలు తొడిమల నుంచి తెగి పైకి తేలాయి. ఎందుకు తేలతాయో తెలియాలంటే ఒక కాయను అడ్డంగా కోయాలి. లోపల నాలుగు గదులు, నాలుగింటి నిండా గాలి. పళ్లను మెట్ల మీద పోస్తే మంచివి ఎగురుకుంటూ కిందికి పోతాయి, మెత్తబడినవి మెట్ల మీదే ఉండిపోతాయి. తాజాగా అమ్మే పళ్లను ఇప్పటికీ ఇలాగే పలకల మీద ఎగరనిచ్చి ఏరేవాళ్లున్నారు. అయితే ఆ పళ్లను చాలావరకు నీరు పెట్టకుండా పొడిగానే కోస్తారు. అది పంటలో కొద్ది భాగమే. రసానికి, సాస్‌కు, ఎండబెట్టడానికి పోయేదంతా నీటి కోతే.

హారో వెళ్లాక ఇంకా నీరు పెట్టి అడుగున్నర దాకా పెంచారు. ఇక మా వంతు. ఛాతీ దాకా వచ్చే రబ్బరు తొడుగులు వేసుకుని నలుగురం దిగాం. వీటిని వేడర్లు అంటారు. నీళ్లలో తేలే పసుపు కంచెను పళ్ల చుట్టూ తిప్పి, వల లాగినట్టు లాగాలి. గాలి ఎటు వీస్తే పళ్లు అటు పోతాయి కాబట్టి ఏ మూలకు లాగాలో తెల్లవారుజామున గాలే తేలుస్తుంది. మడి చుట్టూ గట్టును ఆనుకుని లోపలివైపు ఒక కాలువ ఉంటుంది. దాని హద్దుకు కర్రలు పాతి ఉంచారు. పళ్లు కప్పేశాక కాలువేదో మడేదో తెలియదు, కర్రలు మాత్రమే గుర్తు. నేను కర్ర దాటి ఒక అడుగు వేశాను. ఒక్కసారిగా చంకల దాకా దిగిపోయాను. వేడర్ల లోపలికి దిగిన అక్టోబరు నీరు ఎంత చల్లగా ఉంటుందో మాటల్లో పెట్టలేను. నన్ను పైకి లాగిన కుర్రాడు, మొదటి ఏడాది అందరూ పడతారని, తాను రెండుసార్లు పడ్డానని చెప్పాడు.

ఫొటోలో రానిది ఇంకొకటి ఉంది. సాలెపురుగులు. మడిలో ఉండే తోడేలు సాలీళ్లన్నీ నీరు రాగానే ఎత్తయినదాన్ని వెతుక్కుంటాయి. నీళ్ల మధ్య ఎత్తయినది నేనే. మొదటి గంటలోనే భుజం మీదికి ఆరేడు ఎక్కాయి. దులపవచ్చు, చంపకూడదు, వేసవంతా పురుగుల్ని తిన్నది ఇవే అన్నారు. నాలుగో రోజుకు వాటిని అలాగే మోసుకుని గట్టు మీద దింపడం నేర్చుకున్నాను.

మూలకు చేరిన పళ్లను పంపు పీల్చి, ఆకూ పుల్లా వేరుచేసి లారీలోకి పోసింది. లెక్క ఇప్పటికీ బ్యారెళ్లలోనే, బ్యారెల్ అంటే 100 పౌండ్లు. నిజం పీపా ఒక్కటీ కనిపించదు. నీరు మాత్రం వృథా కాలేదు. కింది తూము ఎత్తగానే పక్క మడిలోకి పోయింది, అక్కడి కోత అయ్యాక దాని పక్కకు. చివరికి మళ్లీ చెరువుకే.

రోజూ చివరలో ఒక సంచి పళ్లు ఇంటికి తీసుకుపొమ్మనేవారు. వాక్కాయ దొరకని దేశంలో వాక్కాయ పప్పు తినాలంటే ఇంతకంటే మంచి దారి లేదు. చింతపండు అక్కర్లేదు, ఉప్పూ కారం కాస్త ఎక్కువ పడాలి. పెద్దాయనకు ఒక డబ్బాలో ఇచ్చాను. చక్కెర లేకుండా క్రాన్‌బెర్రీ తినడం జీవితంలో ఇదే మొదటిసారి అన్నారు. బాగుందని మాత్రం అనలేదు.

నవంబరులో నీరు తీసేశాక తీగలు ముదురు మెరూన్ రంగుకు తిరిగాయి. ఒక మధ్యాహ్నం పెద్దాయన నన్ను పన్నెండో మడిలోకి, సరిగ్గా ఆ చోటికే తీసుకెళ్లారు. మాడిన కొసల కింద నుంచి వేసవిలో పక్కరెమ్మలు వచ్చాయి. ప్రతి కొసనా లావుపాటి మొగ్గ ఉంది. వచ్చే ఏటి పూమొగ్గ ఈ ఏటి వేసవి చివరికే తయారవుతుంది. ఈ ఏడు కాసిన రెమ్మ మరుసటేడు తరచు విశ్రాంతి తీసుకుంటుంది, కాయనిది దాచుకుంటుంది. వృత్తం బయట రెమ్మలు కొన్ని పట్టి చూశాను. లోపలే మొగ్గలు ఎక్కువ.

ఇప్పుడు జనవరి. డిసెంబరులో మళ్లీ నీరు పెట్టి గడ్డకట్టనిచ్చారు, తీగలు దాని కింద ఎండుగాలి తగలకుండా పడుకుని ఉన్నాయి. ఆ మంచు మీదే లారీలు నడిపి అర అంగుళం మందాన ఇసుక చల్లుతున్నాం. కరిగాక అది తీగల మధ్యకు దిగి కొత్త వేళ్లకు పట్టు ఇస్తుంది. 1816లో మసాచుసెట్స్‌లోని డెన్నిస్‌లో హెన్రీ హాల్ అనే ఆయన గాలికి ఇసుక కప్పిన చోట తీగలు బాగా కాయడం గమనించాడట, సాగు అక్కడే మొదలైంది. పన్నెండో మడి మీదికి వచ్చాక తూము నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, ఇక్కడే అని మంచు మీద కాలితో గీత గీశాను. వెనకే లారీ వచ్చి దాన్ని ఇసుకతో కప్పేసింది.