బంగారం ఐఆర్ఏలో నిల్వ రుసుము: ఏ అంకెను దేనితో పోల్చాలి

బంగారం ధర పెరిగిన కొద్దీ, అమెరికాలో ఉన్న మా బంధుమిత్రులలో ఐఆర్ఏ ఖాతాలో (అక్కడి పదవీ విరమణ పొదుపు ఖాతా) అసలు బంగారమే పెట్టుకుంటే ఎలా ఉంటుందని అడిగేవారు ఎక్కువయ్యారు. అందరూ చివరకు తేలేది ఒకే ప్రశ్న దగ్గర: లోహాన్ని భద్రపరిచే ఏ డిపాజిటరీలో నిల్వ రుసుము తక్కువ? ప్రశ్న సహజమే కాని, ఆ ఒక్క అంకె చూసి ఖాతా తెరిస్తే లెక్క తప్పుతుంది.

ఈ రుసుము తప్పించుకోగలిగినది కాదు. 1997లో చట్టాన్ని సడలించిన తరువాత 99.5 శాతం స్వచ్ఛత గల బంగారాన్నీ, 99.9 శాతం వెండినీ ఐఆర్ఏలోకి అనుమతించారు. 22 క్యారెట్లే అయినా, అమెరికా ప్రభుత్వం ముద్రించే అమెరికన్ ఈగిల్ నాణేనికి ప్రత్యేక మినహాయింపు ఉంది. అయితే లోహం బ్యాంకు లేదా ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) ఆమోదించిన ట్రస్టీ అధీనంలోనే ఉండాలి. సొంత ఎల్ఎల్‌సీ (ఒక రకం ప్రైవేటు సంస్థ) పెట్టి నాణేలను ఇంట్లోనే ఉంచుకున్న మెక్‌నల్టీ దంపతుల కేసులో, అది ఖాతా నుంచి సొమ్ము తీసుకున్నట్టే అవుతుందని 2021లో టాక్స్ కోర్టు తీర్పు చెప్పింది. ఇంటి బీరువాలో పెట్టుకోవచ్చని ప్రకటనలిచ్చేవారి మాట నమ్మేవారు ఆ తీర్పు ఒకసారి చదవాలి.

మా బావగారు పాత ఉద్యోగంలోని 401(కె) పదవీ విరమణ పథకం సొమ్మును ఇటువైపు మళ్ళించాలనుకున్నప్పుడు ఫీజు షెడ్యూళ్ళు పక్కపక్కన పెట్టుకుని చూశాము. ఒకరు ఏటా ఇంత అని స్థిరంగా వసూలు చేస్తారు, మరొకరు నిల్వ విలువలో శాతం చొప్పున. ఉదాహరణకు స్థిర రుసుము 150 డాలర్లు, శాతం రుసుము 0.5 అనుకుందాం. 20,000 డాలర్ల నిల్వకు శాతం పద్ధతిలో 100 డాలర్లే పడుతుంది కనుక అదే మేలు. 30,000 దగ్గర రెండూ సమానం. లక్ష డాలర్లకు అది 500 అవుతుంది. పైగా ధర రెట్టింపయితే బిస్కెట్టు అంగుళమైనా పెరగదు, రుసుము మాత్రం రెట్టింపవుతుంది. దీర్ఘకాలం ఉంచదలచినవారు స్థిర రుసుమునే అడగాలని నా అభిప్రాయం. దీనికి ఖాతాను నిర్వహించే కస్టోడియన్ సంస్థ వార్షిక రుసుము అదనం. అది 100 డాలర్లనుకుంటే, 20,000 నిల్వపై స్థిర పద్ధతిలో మొత్తం భారం ఏటా 1.25 శాతం.

మన లోహాన్ని విడిగా, మన పేరనే ఉంచే సెగ్రిగేటెడ్ నిల్వకు సాధారణంగా ఎక్కువ తీసుకుంటారు. ఉమ్మడి నిల్వలో మనకు తిరిగి వచ్చేది అదే రకం లోహమే కాని, మనం కొన్న నాణేలే కానక్కరలేదు. మామూలు ఈగిల్ నాణేలకు ఆ తేడా కోసం డబ్బు పోయనవసరం లేదనుకుంటాను. వెండి సంగతి వేరు: అదే విలువకు ఎన్నో రెట్లు స్థలం ఆక్రమిస్తుంది కనుక, దానికి వేరే ధర ఉందేమో తప్పక చూడాలి.

రుసుములో బీమా కలిసి ఉందో లేదో కూడా రాతపూర్వకంగా తెలుసుకోవాలి. మన దేశంలో బ్యాంకు లాకరు అద్దె కట్టినంత మాత్రాన లోపలి నగలకు పూర్తి భరోసా రాదు; దొంగతనం, అగ్నిప్రమాదం వంటివాటిలో బ్యాంకు బాధ్యత వార్షిక అద్దెకు వంద రెట్లకు మించదని రిజర్వు బ్యాంకు నిబంధన. అద్దె కడితే చాలుననుకునే అలవాటుతో డిపాజిటరీని కూడా అడగకుండా ఊరుకోకూడదు.

ఇవన్నీ చూశాక బంగారం ఈటీఎఫ్‌తో (బంగారంలో పెట్టుబడి పెట్టి, షేర్లలా కొని అమ్మే ఫండ్) పోల్చకపోతే పోలిక సగమే. మామూలు ఐఆర్ఏలోనే కొనుక్కోగల జీఎల్‌డీ అనే ఈటీఎఫ్‌కు వార్షిక వ్యయం 0.40 శాతం, జీఎల్‌డీఎమ్‌కు 0.10 శాతం, అంటే 20,000 డాలర్లపై 80, 20 డాలర్లు. చిన్న మొత్తానికి అసలు లోహం పట్టుదల నాకు దండగ అనిపిస్తుంది, బావగారు ఒప్పుకోకపోయినా.

ఆయన ఎలాగూ తెరుస్తారు కనుక రెండు జాగ్రత్తలు చెప్పాను. ఖాతాలో కొంత నగదు ఉంచాలి, లేకపోతే రుసుముల కోసం లోహాన్నే అమ్మవలసి రావచ్చు. 73 ఏళ్ళు నిండాక ఖాతా నుంచి ఏటా తప్పనిసరిగా తీసుకోవలసిన మొత్తాన్ని లోహంగానే తెప్పించుకుంటే రవాణా, బీమా ఖర్చులు పడతాయి; అమ్మితే డీలరు స్పాట్ ధరకంటే (అప్పటి మార్కెట్ ధర) తక్కువ కట్టవచ్చు. ఎంత తక్కువ కడతారన్నది మేము చూసిన షెడ్యూళ్ళలో ఎక్కడా లేదు, కొనేముందే డీలరును అడిగి రాయించుకోవాలి.