పాతికేళ్ల కోపం

లంచ్‌లో పులిహోర తింటూ బేస్‌బాల్ గురించి నోరు జారాను: "ఐదు రోజులకోసారి ఆడే పిచ్చర్‌కి, అదే బంతి విసిరేవాడికి, ఎంవీపీ (సీజన్‌లో అత్యంత విలువైన ఆటగాడి అవార్డు) ఎందుకండీ? వాళ్లకి విడిగా బెస్ట్ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఉందిగా!"

ఎదురుగా ఉన్న బోస్టన్ పెద్దాయన ఫోర్క్ కింద పెట్టేశాడు. "1999. మా బోస్టన్ పిచ్చర్ పెడ్రో మార్టినెజ్. 23 గెలుపులు, 313 స్ట్రైకవుట్లు (బ్యాటర్‌కి బంతి అందకుండా అవుట్ చేయడం)."

ఆ ఏడాది ఎంవీపీకి మొదటి స్థానం ఓట్లు పెడ్రోకే ఎక్కువట. కానీ ఓటేసే స్పోర్ట్స్ రైటర్లలో ఇద్దరు తమ పది పేర్ల బ్యాలెట్‌లో పదో స్థానం కూడా ఇవ్వలేదు. 13 పాయింట్ల తేడాతో టెక్సస్ క్యాచర్ (వికెట్ కీపర్ లాంటివాడు) ఇవాన్ రోడ్రిగెజ్ అవార్డు ఎగరేసుకుపోయాడు. చెబుతుంటే ఇప్పటికీ ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ఇంటికొచ్చి లెక్కేశా. రోజూ ఆడే బ్యాటర్‌కి సీజన్ మొత్తంలో 700 సార్లు బ్యాటింగ్ దొరికితే గొప్ప. పెడ్రో ఆ ఏడాది 800 మందికి పైగా బ్యాటర్లను ఎదుర్కొన్నాడు.

రేపు పులిహోర కాస్త ఎక్కువ పట్టుకెళ్లాలి.