పొణికి చెట్టు దగ్గరికి చేరడానికి ఏడు నెలలు

నిన్న చీకటి పడ్డాక కొండపల్లి అడవి నుంచి విజయవాడ చేరాను. కాళ్ల నిండా ముళ్ల గీతలే. అయినా ఎన్నాళ్లకో కంటి నిండా నిద్రపట్టింది.

నా పరిశోధన తెల్ల పొణికి మీద. కొండపల్లి బొమ్మలు చేసేది ఈ చెట్టు తేలికపాటి కర్రతోనే. గింజ పెంకు చాలా గట్టిది, తేలిగ్గా మొలవదు. నరికినంత వేగంగా అడవి తిరిగి ఇవ్వలేదు. అందుకే పెద్ద చెట్లెన్ని, మొలకలెన్ని అని లెక్క తీయాలనుకున్నాను.

గైడు సంతకం, కాలేజీ లెటరు రెండు రోజుల్లో వచ్చాయి. డిసెంబరులో అడవిలో చెట్లు లెక్కించి రెమ్మల నమూనాలు తీసుకునే అనుమతి కోసం ఒక ఆఫీసుకి వెళ్లాను. కష్టమంతా అక్కడే. నమూనాలు తీసుకునే చెట్ల జాబితా శాస్త్రీయ నామాలతో ఇస్తే "ఇవి ఎవరికి అర్థమవుతాయి, తెలుగులో రాసుకురా" అన్నారు. తెలుగులో రాసిస్తే ఇంకో టేబుల్ దగ్గర "శాస్త్రీయ నామాలేవీ?" అన్నారు. ఎన్ని కిలోలు తీసుకెళ్తావని అడిగారు. ఒక్కో జాతికి మూర కూడా లేని రెమ్మలు నాలుగు చాలని చెప్పాను. అప్పుడు ఆ గుమస్తా వరండాలో కూర్చున్న వాళ్లందరికీ వినబడేలా, "పొణికి కర్ర బొమ్మలవాళ్లకి అమ్ముకోవడానికేనా అమ్మా ఇదంతా?" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నోట మాట రాలేదు. బస్టాండు దాకా ఏడుస్తూనే నడిచాను. ఆకు లేకున్నా బెరడు చూసి నలభై రకాల చెట్లు చెప్పగలను నేను. నన్ను కర్ర దొంగని చేశాడు.

ఆ తర్వాత ఏ కాగితం ఇచ్చినా తేదీతో ఇన్‌వర్డ్ నంబరు, అంటే కాగితం అందిందని ఆఫీసు వేసే నంబరు, వేయించుకున్నాను. మీరూ వేయించుకోండి. "రేపు రండి" అన్న మాటను ఎప్పుడూ నమ్మకండి. ఫిబ్రవరి, మార్చిలో మోదుగ, కొండగోగు పూసి రాలిపోయాయి. పువ్వో కాయో లేని నమూనాకి హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోట, విలువ తక్కువ. ఆ రెండింటి కోసం మళ్లీ ఏడాది ఆగాలి. అడవి ఫైలు కోసం ఆగదు.

అనుమతి జులైలో వచ్చింది. అడవిలో ఏ ఇబ్బందీ లేదు. తోడు వచ్చిన గార్డు అన్న నాకంటే ముందే పొణికిని చూపించాడు: "ఆకు తిప్పి చూడమ్మా, అడుగున తెల్లగా నూగు ఉంటుంది." ఆ మనిషికి దండం పెట్టాలి.

రెమ్మల్ని పాత పేపర్ల మధ్య పెట్టి ప్రెస్‌లో బిగించాను. వానాకాలం కదా, రోజూ పేపర్లు మార్చకపోతే బూజు పడుతుంది. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో టేపు చుట్టి మొదటి చెట్టు చుట్టుకొలత రాసుకున్నాను: 82 సెంటీమీటర్లు. 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న గడిలో పొణికి చెట్లు మూడు. వంగి వంగి వెతికాం, మొలక ఒక్కటీ కనబడలేదు. రేపు తెల్లవారుజామునే రెండో గడికి వెళ్తున్నాం.